ముప్పై ఎనిమిది పేర్లు రాసుకున్న పాపానికి

మనిషన్నాక పొరపాటు చేయకుండా ఉండడు. ఒకరు పరీక్షకు వెళ్తూ హాల్ టికెట్ ఇంట్లో వదిలేస్తారు. ఇంకొకరు ముక్కూముఖం తెలియని వాళ్ల పెళ్లికి వెళ్లి, చదివింపులు చదివించి, కడుపునిండా భోంచేసి వస్తారు. ఇలాంటి చిల్లర పొరపాట్లు చేసి గొప్పలు పోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నాది హోల్‌సేల్ వ్యవహారం. ఒకే ఒక్క సాయంత్రం, ఒకే వీధిలో, నవ్వుతూ నవ్వుతూ ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల పొట్ట కొట్టాను. కొట్టిన సంగతి మర్నాడు పొద్దున ఐదున్నరకు, నోట్లో బ్రష్షు ఉండగా తెలిసింది. మొహమాటపడకుండా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది నరసరావుపేట, టౌనులోనే పుట్టి పెరిగాను. ఎం.ఏ. ఎకనామిక్స్ ఫస్టు క్లాసులో పాసై, హైదరాబాదులో ఉపాధి విధానాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో చేరాను. ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు, ఎవరికి ఏ పనితనం ఉంది, రోజులు ఎలా మారుతున్నాయి అని ఊరూరా తిరిగి కనుక్కోవడం మా పని. ఈ ముక్క మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి వారం పట్టింది. అంతా విని ఆయన, "అంటే జనానికి పనుల్లేకపోతేనే నీకు పనుంటదా?" అన్నాడు.

నన్ను మొదట వేసింది రెంటచింతల పక్కనున్న ఒక ఊరికి. పేరు చెప్పను. చెబితే ఆ ఊరి వాళ్లు ఈ కథలో సగం అబద్ధమని, అసలు జరిగింది ఇంతకంటే ఘోరమని సాక్ష్యం చెప్పడానికి వస్తారు. రిటైరైన మాస్టారొకాయన ఇంటి మేడ మీద గది తీసుకున్నాను. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, భుజాన సంచి. కూలి పనుల గురించి నాకు తెలియనిది లేదన్న ధీమా అన్నిటికంటే బరువుగా ఉండేది. ఎందుకు తెలియదు? మూడు వందల పేజీల పుస్తకం చదివాను మరి!

అది మార్చి నెల. పత్తి తీతలు అయిపోయాయి. మిరపలో ఒక కోత అయిపోయి, రెండో కోతకు కాయ ఇంకా ఎర్రబడని వారం. ఊళ్లో పనులు అంతంతమాత్రం. ఈ సంగతి పుస్తకంలో లేదు కాబట్టి నాకు తెలియదు.

ఆడవాళ్లు ఇంటి పట్టున దొరికేది పొద్దుగూకే వేళే కదా అని సాయంత్రం ఐదింటికి బయల్దేరాను. మొదటి ఇల్లు ఎలీశమ్మది. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, చురుగ్గా ఉంటుంది. గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. పక్కన పక్కింటి కోటేశ్వరమ్మ. ట్యాబు తెరిచి మొదలుపెట్టాను.

"అక్కా, మీ పేరు?"

"ఎలీశమ్మ."

"పని దొరికితే చేయడానికి మీరు సిద్ధంగా ఉన్నారా?"

"ఉండకేం? పనే గదా లేంది."

"ఎంత దూరమైతే వెళ్లగలరు?"

"ఆటో పెడితే ఎంత దూరమన్నా వస్తాం. దాందేముంది."

"సరే. రోజుకు ఎన్ని గంటలు చేస్తారు?"

"ఆరింటి నుంచి ఒంటిగంట దాకా. ఆ తర్వాత ఎండలో ఉంటే మనిషి మిగలదు."

"సరే. కనీసం ఎంత కూలి ఇస్తే వెళ్తారు?"

ఎలీశమ్మ కోటేశ్వరమ్మ వంక చూసింది. ఇద్దరూ కళ్లతోనే ఏదో అనుకున్నారు. ఊళ్లో నడుస్తున్న రేటు మీద యాభై కలిపి చెప్పింది, ఎలాగూ బేరమాడతాను కదా అని. నేను ఆడలేదు. "జవాబు వినగానే తల ఊపండి, నవ్వండి, 'సరే' అనండి. ఎదుటి మనిషి తప్పు చెప్పినట్టు ముఖం పెట్టకండి" అని ట్రైనింగులో మాకు మూడు రోజులు నూరిపోశారు. నేను తల ఊపాను. నవ్వాను. "సరే అక్కా" అన్నాను.

ఎలీశమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

ఇంతటితో ఊరుకున్నానా? పరిశోధనలో నీతి, నిజాయితీ ఉండాలి కదా! "మీ ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారని ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం తీశాను. పెట్టింది. మా సమయం వాడుకున్నారే అని జనం అనుకోకుండా సంస్థవాళ్లు ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్టొకటి చేతిలో పెట్టాను. పుచ్చుకుంది.

మీరు పల్నాటి వాళ్లయితే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. కానివాళ్ల కోసం చెబుతాను. మా వైపు ఆడకూలీలు ముఠాలుగా పనికి వెళ్తారు. ముఠాకొక మేస్త్రి ఉంటుంది. రేపటి పనికి ఇవాళ సాయంత్రం మేస్త్రి వీధిలోకొచ్చి పేర్లు రాసుకుంటుంది. ఎక్కడో, ఎంతో, ఎన్నింటికో అప్పుడే మాటయిపోతుంది. పేరు రాయించుకున్న మనిషి ఆ రోజుకు ఇంకొకరి పిలుపు వినదు. అది మాట. ఇక సాయంత్రం వేళ పుస్తకం లాంటిది పట్టుకుని వచ్చి, దూరం అడిగి, గంటలు అడిగి, కూలికి సరేనని, సంతకం పెట్టించుకుని, బయానా కింద చేతిలో తినుబండారం పెట్టే ఆడమనిషిని ఏమంటారో మీరే చెప్పండి.

నాకు తెలియదు కదా! నేనింకా మూడో ఇంటికి వెళ్లకముందే జనం నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు.

"నా పేరు రాయలా అమ్మాయ్."

"మా తోడికోడల్ది కూడా రాసుకో. ఇంట్లో ఉంది, పిలుస్తా ఆగు."

"నిన్న జొరమొచ్చింది గానీ తగ్గిందిలే, నాదీ రాయి."

నా మాటతీరులో ఇంత మహత్తుందా అని నాకే ఆశ్చర్యం వేసింది. సీనియర్లేమో జనం జవాబులు చెప్పరని, తలుపులేసుకుంటారని భయపెట్టారు. ఇక్కడ తలుపులు తీసుకుని మరీ వస్తున్నారు! వీధి చివర ఒక పొడుగాటి మనిషి, మెడలో జపమాల, చంకలో అట్ట ఊడిన నోటుబుక్కు, నిలబడి చూస్తోంది. ఈమెనెందుకు వదలాలని, "అక్కా, మీ పేరు కూడా రాసుకోమంటారా?" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "వద్దులేమ్మా. రాసుకో, రాసుకో" అని వెళ్లిపోయింది. ఆవిడే ఆ ఊరి ముఠా మేస్త్రి మరియమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో పేర్లు రాసేది ఆమే. ఆ మర్నాటికి ఆ ఊళ్లో ముందే పండిన ఒకే ఒక్క చేలో కోత పనికి మనుషుల్ని మాట్లాడటానికి వచ్చింది.

ముప్పై ఎనిమిది పేర్లు. ఆ రాత్రి నేను నిద్రపోయినంత హాయిగా నిద్రపోయిన మనిషి ప్రపంచంలో ఉండదు.

పొద్దున ఐదున్నరకు కింద గోల. బ్రష్షు నోట్లో పెట్టుకుని పిట్టగోడ మీంచి తొంగిచూశాను. చీరల మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కాలు, తలకు తువాళ్లు, చేతుల్లో టిఫిన్ క్యారేజీలు. వీధి నిండా ఆడవాళ్లు. ముందు నిలబడింది ఎలీశమ్మ.

"లేచావా అమ్మాయ్? చేను యాడ?"

"ఏ చేను?"

"ఆటో రాలా ఇంకా. చెప్పావా లేదా?"

"ఏ ఆటో?"

మాస్టారు బనీను మీద బయటికొచ్చి, జనాన్ని చూసి, నన్ను చూసి, "నాతో ఒక్క మాటన్నా అనకుండా పొలం కొన్నావా అమ్మా?" అన్నారు నొచ్చుకుంటూ.

మెట్లు దిగి, నురగ మింగి, వివరించడానికి ప్రయత్నించాను. "అక్కా, అది పనికి కాదు. సర్వే. అంటే పరిశోధన."

"అంటే ఏంది?"

"మీకు పనులు ఎందుకు దొరకట్లేదో కనుక్కోవడం."

ఎలీశమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇయ్యాల మాకు పని దొరికేది. మరియమ్మ మాపటేళ వచ్చి అడిగింది. నీకు మాటిచ్చామని రామన్నాం. ఆమె పక్కూరి వాళ్లను మాట్లాడుకుంది. ఈ వారం మొత్తానికి ఉంది ఆ ఒక్క పనే. మాకు పని ఎందుకు దొరకలేదంటే నీ వల్ల దొరకలా. రాసుకో."

వెనక నుంచి కోటేశ్వరమ్మ, "సంతకం కూడా పెట్టిచ్చుకుంది గదే" అంది.

నిన్నటిదాకా ట్యాబులో గడుల్లా కనిపించిన వాళ్లు, నాలుగింటికి లేచి వండుకుని క్యారేజీ సర్దుకుని నా గుమ్మంలో నిలబడ్డారు. మా డైరెక్టరుగారికి ఫోన్ చేశాను.

"సార్, నిన్న సర్వే చేసినవాళ్లందరూ వచ్చేశారు సార్."

"ఎక్కడికి?" అన్నారు నిద్రమత్తులో.

"నా గదికి. పని కావాలంటున్నారు."

"వెరీ గుడ్! అంటే ఉపాధి కోసం చురుగ్గా వెతుకుతున్నట్టే. అందరికీ కోడ్ మార్చెయ్."

"క్యారేజీలు కూడా తెచ్చుకున్నారు సార్."

"దానికి కోడ్ లేదమ్మా" అని పెట్టేశారు.

ఇంతలో రెండు ఆటోలు వచ్చి ఆగాయి. హమ్మయ్య అనుకునేలోపు ముందు ఆటోలోంచి మరియమ్మ దిగింది. వెనక పక్కూరి కూలీలు కిక్కిరిసి ఉన్నారు.

"ఏమ్మా కొత్త మేస్త్రీ, ఇంకా బయల్దేరలా?"

పరుగెత్తుకెళ్లి చేతులు పట్టుకున్నాను. "అక్కా, తెలియక చేశాను. మీ పనికి వీళ్లను తీసుకెళ్లండి."

"మరి వీళ్లనేం చేసేది? మాటిచ్చి ఆటో ఎక్కిచ్చుకున్నా. దించనా?"

"మరి నేనేం చేయాలి?"

"పేరు రాసుకున్నోళ్లదే పూచీ. ఇరవై ఏళ్లల్లో నేను రాసుకున్న పేరును ఒక్కనాడు కూడా ఊరికే ఇంటికి పంపలా." ఆ మాట అనేటప్పుడు ఆవిడ మెడ నిటారుగా నిలబడింది. అంత గర్వంగా తన పని గురించి చెప్పుకున్న మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. "పని లేకపోతే పోయి అడుగు. నోరుంది గదా, నిన్న బాగానే ఆడింది" అని ఆటో ఎక్కింది.

చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. రాసుకున్నదానికి రాసుకున్నంత. ముఖం కడుక్కుని ఊరి మీద పడ్డాను. నేను ముందు, ముప్పై ఎనిమిది మంది వెనక. టీ కొట్టు దగ్గర ఒకాయన లేచి నిలబడి, "ఎలచ్చన్లు వచ్చినయ్యా? ఏ పార్టీ?" అన్నాడు. ఎలీశమ్మ, "సర్వే పార్టీ" అంది. నేను తల దించుకుని నడిచాను.

మొదటి రైతు తన చేలో కాయ ఇంకా పచ్చిగా ఉందన్నాడు. రెండో ఆయన గేదె పాలు పితుకుతూ, తల తిప్పకుండానే లేదన్నాడు. మూడోవాడు ఊరి చివర కళ్లంలో కనిపించాడు. ఆంజిరెడ్డిగారు. పట్టాల మీద మిరపకాయలు కుప్పలు కుప్పలుగా ఎండుతున్నాయి. తాలుకాయలు, అంటే రంగుపోయి తెల్లబడ్డవి, ఏరేసి, మంచివి టిక్కీలనే బస్తాలకెత్తి గుంటూరు పంపాలి.

"బాబాయ్, తాలు ఏరాలి కదా? ముప్పై ఎనిమిది మందిని తెచ్చాను" అన్నాను.

"ఇంతమంది నాకెందుకమ్మాయ్? సోమారం నుంచి పది మందికి చెప్పా. నాలుగు రోజుల పని."

నా ఫస్టు క్లాసు ఒక్కసారిగా నిద్రలేచింది. "పది మంది నాలుగు రోజులు చేసినా, నలభై మంది ఒక్క రోజు చేసినా అదే పని కదా బాబాయ్! పైగా ఈలోగా మబ్బు పడితే?"

ఆయన ఆకాశం వంక చూశాడు. ఆ ఊళ్లో ఆకాశానికి మబ్బంటే ఏంటో తెలియదు. అయినా రైతు కదా, గుండె జారింది. "బానే ఉంది గానీ, మరి నేను చెప్పిన ఆ పది మందో? వాళ్ల నోట్లో మట్టి కొట్టమంటావా?"

అంతే. ముప్పై ఎనిమిది మందికి చేసిన అన్యాయం సరిదిద్దబోయి ఇంకో పది మందికి చేయబోతున్నాను. ఇది పుస్తకంలో ఉంది. పదకొండో అధ్యాయం. పరీక్షలో రాశాను కూడా. పుస్తకంలో మాత్రం ఆ పది మందికి ముఖాలుండవు.

"ఆ పది మందిమి మేమే గదా అబ్బయ్యా" అంది వెనక నుంచి ఎలీశమ్మ, తలకు చుట్టుకున్న తువాలు తీసి ముఖం చూపిస్తూ. "నేను, కోటేశ్వరమ్మ, మా వరస ఇళ్లు. ఆ నాలుగు రోజులూ మాకొద్దులే. ఈ ఒక్క రోజు అందరికీ ఇయ్యి. క్యారేజీ కట్టుకుని బయటికొచ్చినోళ్లు ఒట్టి చేతుల్తో ఇంటికి పోతే ఏం బాగుంటది? కూలి నడిచే రేటే ఇయ్యి, ఈ పిల్ల ఒప్పుకున్నది వద్దు."

మిగతా తొమ్మిది మందిలో ఒక్కరు కూడా కాదనలేదు. కోటేశ్వరమ్మ ఒకసారి నా వంక కొరకొరా చూసి, చొక్కా చేతులు దించుకుని కుప్ప దగ్గర కూర్చుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మిరప ఘాటు వల్ల అని చెప్పాను. నమ్మారో లేదో.

"సరే గానీ" అన్నాడు ఆంజిరెడ్డిగారు, "మేస్త్రి లేని ముఠాని నా కళ్లంలో కూర్చోనియ్యను. తాలు కలిస్తే అడగటానికి ఒకళ్లుండాల. నువ్వు కూడా కూర్చో."

కూర్చున్నాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, కూర్చుని ఏరితే కొండలు కదలను కూడా కదలవు. తుమ్ములు. మళ్లీ తుమ్ములు. ముక్కు తుడుచుకుందామని చెయ్యి పెడితే ముఖమంతా మంట. అటుపక్క ఎలీశమ్మ కుప్ప వంక చూడకుండా, కోటేశ్వరమ్మ కోడలి సంగతులు మాట్లాడుతూ ఏరేస్తోంది. చేతులు వాటంతటవే తాలు ఇటు, మంచి అటు వేస్తున్నాయి. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, "గింజ మోగలా. ఇంకా పచ్చుంది, ఎండలో వెయ్యి" అంది. నేనూ ఊపాను. నాకేం వినపడలేదు.

కాసేపటికి ఆంజిరెడ్డిగారు ఒక గంప ముందు నిలబడి, "ఇదెవరిది? సగం తాలే ఉంది!" అన్నాడు.

ముప్పై ఎనిమిది చేతులు నా వైపు లేచాయి.

"మేస్త్రిగారివి" అంది కోటేశ్వరమ్మ. కళ్లం గొల్లుమంది. నా గంప మళ్లీ బోర్లించి ఏరింది కూడా కోటేశ్వరమ్మే, తిట్టుకుంటూ.

క్యారేజీలు విప్పే వేళకు ట్యాబు తెరిచాను. పనితనం అన్న గడిలో నిన్న ముప్పై ఎనిమిది మందికీ "లేదు" అని కొట్టాను. మాకేం వచ్చమ్మా, కూలిపని అన్నారు మరి. ఒక్కొక్కటే తీసి "ఉంది" అని మార్చాను. మార్చగానే ట్యాబు, "శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు?" అని అడిగింది. నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఏం చేయను? "ఆంజిరెడ్డి కళ్లం" అని కొట్టాను. వారం తర్వాత డైరెక్టరుగారు ఫోన్ చేసి, "ఈ ఆంజిరెడ్డి కళ్లం ఏ యూనివర్సిటీకి అఫిలియేటెడ్? ముప్పై ఎనిమిది మంది ఒకే బ్యాచ్‌లో బయటికొచ్చారే!" అని అడిగారు. జరిగిందంతా చెప్పాను. తర్వాత ఆయన రెండు పనులు చేశారు. నా జీతంలో కోత పెట్టలేదు. ఆ శిక్షణ సంస్థ గడి తీసేయించి, మనిషి చేసే పని దగ్గర కూర్చుని చూశాకే పనితనం రాయాలని రూలు పెట్టారు. ఆ రూలు ఇవాళ్టికీ నడుస్తోంది. దాని వెనక నా ముక్కు చీదుడెంత ఉందో ఎవరికీ తెలియదు.

ఇక మరియమ్మ సంగతి. కళ్లంలో పనైన ఆ సాయంత్రమే వీధిలోకొచ్చి, జరిగింది వింది. అట్ట ఊడిన నోటుబుక్కు తెరిచి, రాబోయే కోతకు అందరికంటే ముందు ఎలీశమ్మ వాళ్ల పది పేర్లూ రాసింది. నా వంక తిరిగి, "పూచీ పడ్డావు. చాల్లే" అంది. నాకు యూనివర్సిటీలో మెడల్ వచ్చింది. ఏ అట్టపెట్టెలో ఉందో గుర్తు లేదు. మరియమ్మ అన్న ఆ మాట మాత్రం ఇప్పటికీ గుండెల మీద తగిలించుకునే తిరుగుతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, గర్వంగానే ఉంది.

మొన్నీమధ్య హైదరాబాదులో పెద్ద సదస్సు. ఇప్పుడు నేను సీనియర్ని. ఏసీ హాల్లో, తెర మీద రంగురంగుల గీతలు చూపిస్తూ మారుతున్న ఉద్యోగాల గురించి గంటసేపు దంచాను. చప్పట్లు కొట్టారు. చివర్లో ముందు వరసలోంచి కళ్లజోడు పెద్దాయనొకరు లేచారు.

"మేడమ్, ఇన్నేళ్లుగా ఉపాధి మీద ఇన్ని నివేదికలు రాశారు. మీ పరిశోధన వల్ల నేరుగా ఎంతమందికి పని దొరికింది? ఒక్క అంకె చెప్పండి."

హాలంతా నా వంక చూసింది. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మెడ నిటారుగా పెట్టి, మైకు దగ్గరికి లాక్కుని చెప్పాను.

"ముప్పై ఎనిమిది మందికండీ. ఒక్క రోజు. అదీ పొరపాటున."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పల్నాటి ఎండ మీద ఒట్టేసి చెబుతున్నాను. చేను ఎక్కడుందో తెలియకుండా, ఆటో మాట్లాడకుండా, ఈ జన్మలో ఇంకే మనిషినీ పనికి సిద్ధంగా ఉన్నారా అని అడగను. ఒకవేళ ప్రభుత్వమే నా మెడ మీద కత్తి పెట్టి అడిగించినా, జవాబు విన్నాక "సరే" మాత్రం అనను.